రాలుటాకులు, బడిపిల్లలు

తెలుగునాట వసంతము రాలుటాకులతో అడుగుపెట్టును. మాఘము వెళ్లి ఫాల్గుణము వచ్చుసరికి బడి ఆవరణలోని వేపచెట్టు పసుపు పారి, గాలి విసరినప్పుడెల్ల ఆకును జల్లుగా రాల్చును. రావి కొలది దినములు బోడియై నిలిచి, అంతలోనే రాగిరంగు చిగురు తొడుగును. కానుగ క్రింద ఆకు మందముగా పేరుకొనును. బాదము ఆకులు ఎర్రబారి ఒక్కొక్కటిగా, వినవచ్చునంత చప్పుడుతో నేలబడును. చింతాకు సన్నని పొట్టువలె రాలి, చీపురునకు చిక్కక మన్నులో కలిసిపోవును. ఇంతలో ఉగాది వచ్చును. పిల్లలు వేపపూత కొరకు కొమ్మలు వంచి, పూతను పళ్లెములలో దులుపుకొని ఇంటికి గొనిపోవుదురు. ఆ చెట్టు క్రిందనే, ఆ ఉదయముననే, దాని ఆకులను ఊడ్చి పోగుపెట్టి నిప్పంటింతురు. పూత పచ్చడిలోనికి, ఆకు పొగలోనికి! ఇది చూచు అయిదేండ్ల బిడ్డకు తెలియునది ఇంతే: కొమ్మపై నున్నంతవరకు అది ఆకు, నేలబడిన మరుక్షణము అది చెత్త.

ఈ పాఠమును ఎవరును నోటితో చెప్పరు. చీపురు చెప్పును, అగ్గిపుల్ల చెప్పును. అట్టి పాఠములే బాల్యమున లోతుగా నాటుకొనును. కుళ్లెడు పదార్థములు, కుళ్లని పదార్థములు అని రెండు వరుసలలో తప్పులేకుండ వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొను బాలుడు, ఆ సాయంత్రమే బడి వెనుక మండుచున్న ఆకులపోగులో మరి నాలుగు చితుకులు వేసి ఆనందించుట ఉపాధ్యాయులు ఎరుగని విషయము కాదు. అందు బాలుని తప్పేమియు లేదు. అతడు పుస్తకమున చదివినది ఒకటి, పెరటిలో చూచినది మరియొకటి. కంటితో చూచినదే గెలిచినది.

కాముని పున్నమి నాటి మంట వేరు. అది ఏటికొక రాత్రి జరుగు ఊరి వేడుక. ఆకుల మంట దినదినము సాగునది. ఆకు కాలినపుడు అందలి నత్రజనిలో అధికభాగము పొగతో పోవును. బూడిదలో మిగులునది కొంత పొటాషు, కొంత సున్నము. పొగలోని సన్నని నుసి పసిపిల్లల ఊపిరితిత్తులలోనికి చేరును. 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఘనవ్యర్థముల నియమములు చెత్తను ఆరుబయట కాల్చుటను నిషేధించినవి. ఆ సంవత్సరము డిసెంబరులోనే జాతీయ హరిత న్యాయస్థానము ఇట్లు కాల్చువారు 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చువారు 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఉత్తరువిచ్చినది. అయినను మంటలు ఆగలేదు. ఉత్తరువులు పోలేని చోటికి బడి మూలలో పిల్లలు నింపెడి చిన్న ఎరువుగుంట పోగలదు.

మన శిశువిద్యా గ్రంథములలో పెక్కింటికి మూలము పడమటిదేశములు. వానిలో ఆకు రాలుట ఒక ఋతువు, చిగురించుట మరియొక ఋతువు. ఇంగ్లండులో అక్టోబరు, నవంబరు మాసములలో రాలిన ఆకు చలికాలమంతయు తడిలో నాని, వసంతము నాటికి నల్లబడి మన్ను కాజొచ్చును. అప్పుడు బిడ్డ బయటికి వచ్చి బోడికొమ్మపై మొగ్గను చూచును. ఆకు రాలుటకును మొగ్గ తొడుగుటకును నడుమ అయిదారు నెలల ఎడము. అంత ఎడమును దాటి ఒక సంగతిని మరియొక సంగతితో ముడివేయుట పసివారికి సాధ్యము కాదు. మన దేశమున అట్లు కాదు. శిశిరము వెళ్లుచు వసంతముతో గుమ్మములోనే మాటలాడిపోవును. ఒకే కొమ్మపై పండుటాకును, చిగురుటాకును ప్రక్కప్రక్కన చూడవచ్చును. ఇంతటి సౌలభ్యము చేతిలో నుండగా, ‘ఆటమ్’ అను ఇంగ్లీషు పాటలో ఆకులు రాల్చి, నిజముగా రాలిన ఆకులను తగులబెట్టుట మన బడుల విచిత్రములలో నొకటి.

పంచాంగము, బడి కాలపట్టిక ఈ ఒక్క పనిలో ఒండొంటికి చక్కగా కలిసివచ్చును. మార్చి నడుమ నుండి సాధారణముగా ఒంటిపూట బడులు జరుగును. ఉదయపు చల్లదనమున చిన్నపిల్లలు గంటసేపు ఆరుబయట నుండవచ్చును. ఏప్రిలు చివరివారమునకు బడి మూతపడును. జూన్ రెండవవారమున, మృగశిర కార్తె ప్రవేశించిన దినములలో, మరల తెరతురు. ఫాల్గుణమున నింపిన గుంట తొలకరి నాటికి పక్వమగుచుండును. గింజ నాటవలసిన సమయమును అదియే. చిక్కెల్ల నడుమ వచ్చు వేసవి సెలవులతోనే; దానికి గల ఉపాయము ముందు చెప్పబడును.

పసిపిల్లల బడికి ‘కిండర్ గార్టెన్’ అని పేరుపెట్టినవాడు జర్మనీ దేశపు విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బ్లాంకెన్‌బర్గు అను ఊర ప్రారంభించిన తన శిశుశాలకు 1840లో ఈ నామకరణము చేసెను. పిల్లలతోట అని ఆ మాటకు అర్థము. ఫ్రోబెల్ దానిని ఉపమానముగా మాత్రమే వాడలేదు; ఒక్కొక్క బిడ్డకు ఒక చిన్న మడి, అందరికి కలిపి ఉమ్మడి మడులు ఉండవలెనని ఏర్పాటు చేసెను. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ శిశుశాలలను నిషేధించినది. 1860లో గాని నిషేధము తొలగలేదు. మడిలో మన్ను త్రవ్వు పసిపిల్లలను జూచి ఒక ప్రభుత్వము బెదరినదనిన నేడు నవ్వు వచ్చును. నేటి మన పట్టణములలో ఆ పేరు వీధికొకటి కానవచ్చుచున్నది, తోట మాత్రము లేదు. నేలయంతయు పలకలు పరచి, పచ్చిక యున్నట్లు తోచుటకు ఆకుపచ్చని ప్లాస్టిక్కు చాప వేయుచున్నారు. నిషేధింప నవసరము లేకయే పని జరిగిపోయినది.

గుంట త్రవ్వుటకు ముందు పిల్లలు ఆకును ఆకుగా ఎరుగవలెను. అయిదు మొదలు ఏడేండ్ల లోపు వారికి ఇది ఒక వారము దినముల ఆట. ఊడ్చిన పోగును ముందు పెట్టి ఏ చెట్టు ఆకు ఆ కుప్పగా వేరుచేయుమనవచ్చును. వేపాకు అంచు రంపమువలె నుండును, రావియాకునకు పొడవైన తోక యుండును, కానుగాకు నునుపు, బాదమాకు తోలువలె బిరుసు. కన్నులు మూసుకొని, చేతితో తడిమి చెట్టు పేరు చెప్పుటలో పెద్దలకంటె పిల్లలే ముందుందురు. పిదప ఒక పందెము వేయింపవచ్చును: ఈ నాలుగింటిలో ముందుగా మన్నగునది ఏది? ఎవరి ఊహ వారు నల్లబల్లపై గీత గీసి నమోదు చేసుకొందురు. ఉపాధ్యాయుడు జవాబు చెప్పరాదు. జవాబు తెలియుటకు నెలలు పట్టునను మాటయే ఈ పందెములోని సొగసు.

మరియొక చిన్న పని. రావియాకులు నాలుగయిదు మట్టిమూకుడులో నీరు పోసి నానవేసి, రెండు మూడు వారములు కదల్పక యుంచవలెను. నీరు వాసనవేయును, కొందరు ముక్కు మూసికొందురు. అటుపిమ్మట ఆకును తీసి మెత్తని కుంచెతో మెల్లగా తోమినచో పసరంతయు ఊడిపోయి, సాలెగూడువంటి ఈనెలజాలరి మిగులును. పెక్కుతరముల పిల్లలు దీనిని ఆరబెట్టి పుస్తకముల నడుమ దాచుకొన్నవారే. కాని పసరు ఏమైనదని అడిగినవారు తక్కువ. కంటికి కానరాని జీవులు దానిని తినివేసినవి, గట్టిగానున్న ఈనెలను ఇంకను తినలేదు. ఎరువుగుంటలో చీకటిలో జరుగబోవు కార్యమును ఈ మూకుడు వెలుగులో చూపును.

పడమటి పుస్తకములను నమ్మి, వసంతమున వానపాములను చూపింతునని పిల్లలను తోడ్కొనిపోయిన ఉపాధ్యాయుడు మాత్రము వట్టిచేతులతో మరలివచ్చును. మార్చి నాటికి మన నేలపైభాగము ఎండి బిగుసుకొనును. వానపాములు తడిని వెదకుచు లోతునకు దిగిపోవును. అవి దొరకుచోటు ఒక్కటే, కుళాయి క్రింద ఎల్లప్పుడు తడిగానుండు మూల. అచ్చట ఒక ఇటుకను తిరుగవేసి చూచినచో ఒకటి రెండైనను ఉండును. కొన్ని ప్రాంతములవారు ‘ఎర్ర’ యని పిలిచెడి జీవి ఇదియే. తడిమన్ను వేసిన గాజుసీసాలో దానిని నాలుగు దినములుంచి, నల్లగుడ్డ కప్పి, పిల్లలకు చూపి, మరల ఆ మూలనే విడిచిపెట్టవలెను.

ఈ అల్పప్రాణిని గూర్చి చార్లెస్ డార్విన్ 1837లోనే లండనునందలి భూగర్భశాస్త్ర సంఘమున ఒక వ్యాసము చదివెను. నలువది నాలుగేండ్ల పిమ్మట, 1881లో, తన కడపటి గ్రంథమును దానికే అంకితము చేసెను. ఒక ఎకరము నేలలో ఏటికి 10 టన్నులకు మించిన మన్ను వానపాముల దేహముల గుండా పోవుచున్నదని అందు లెక్కగట్టెను. వానికి చెవులున్నవా యని తెలిసికొనుటకు ఆయన చేసిన పరీక్షలు పసిపిల్లల ఆటలవంటివే. కుండీల దగ్గర ఈల ఊదించెను, బసూన్ వాయింపించెను, పియానో వాయింపించెను, అవి చలింపలేదు. ఆ కుండీనే పియానోపై పెట్టి ఒక మెట్టు నొక్కగా, ఆ అదురునకు చటుక్కున కన్నములలోనికి దూరినవి. మన బడిలో పియానో ఉండదు. బల్లపై సీసా నుంచి బల్లను వ్రేలితో తట్టిన చాలును. కాగితమును మూడుకోణముల ముక్కలుగా కత్తిరించి, ఏ కొనను పట్టి ఈడ్చునో చూచెనని చెప్పినచో, అట్లు చేసి చూతమని తరగతిలో సగముమంది లేతురు.

ఇక గుంట. నేటి కంపోస్టు విధానమునకు పేరు తెచ్చిన ఊరు మన దేశములోని ఇందూరు నగరము. ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1905లో భారతదేశమునకు వచ్చి, బీహారులోని పూసాలో పనిచేసి, 1924 మొదలు 1931 వరకు ఇందూరు సంస్థలో నుండెను. యశ్వంత్ వాడ్ అను సహోద్యోగితో కలిసి 1931లో ప్రకటించిన గ్రంథమున ఇందూరు పద్ధతిని వివరించెను. ఈ దేశపు రైతులను, పైరును పట్టు చీడలను తనకు గురువులని ఆయన చెప్పుకొన్నాడు. చైనా రైతుల అనుభవమునుండియు గ్రహించెను. ఆకు, చొప్ప, పేడ, బూడిద, మన్ను పొరలుపొరలుగా వేసి, తడిపి, మూడుమారులు తిరుగవేసి, మూడు నెలలలో ఎరువు తీయుట ఆ పద్ధతి. ఇందూరు గుంటలు విశాలమైనవే గాని లోతు రెండడుగులు మాత్రమే. లోతెక్కువైనచో అడుగున గాలి ఆడదు. గాలి ఆడనిచోట పదార్థము పక్వము గాక కుళ్లి కంపుగొట్టును. చిన్నపిల్లల బడికి ఈ రెండడుగుల లోతు మరియొక విధమునను మేలు, ఎవడైన కాలుజారి పడినను భయము లేదు.

బడికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలును. చెట్టునీడ పడుచోట, మొదలునకు దూరముగా, నీరు నిలువని మెరకన ఉండవలెను. త్రవ్వుట పెద్దలపని. నింపుట పిల్లలది. అడుగున ఎండుపుల్లలు, కొబ్బరిపీచు పరతురు. దానిపై జానెడు ఎండుటాకు. బాదము, టేకువంటి బిరుసాకులను చేతులతో చించి వేయవలెను, పిల్లలకు ఇంతకంటె ప్రియమైన ఉద్యోగము లేదు. దానిపై బెత్తెడు పచ్చిపదార్థము: పెరికిన గడ్డి, మధ్యాహ్నభోజనపు వంటశాలలోని కూరగాయల తొక్కలు, నలిపిన కోడిగ్రుడ్డు పెంకులు. దానిపై పేడనీళ్లు, ముంగిట కళ్లాపి చల్లు ఇంటి బిడ్డలకు ఈ పని నేర్ప నవసరము లేదు. దానిపై పిడికెడేసి మన్ను. మరల ఆకు. ఈ విధముగా నేలమట్టమునకు ఒక అడుగు పైవరకు నింపవలెను. తడి ఎంత యుండవలెనను ప్రశ్నకు కొలతపాత్ర అక్కరలేదు. లోపలినుండి పిడికెడు తీసి గట్టిగా పిండినచో వ్రేళ్లసందున ఒకటి రెండు చుక్కలు కానరావలెను. ధారగా కారిన నీరెక్కువ. పొడిపొడిగా రాలిన తక్కువ.

ఎండుటాకుతోపాటు పచ్చిది ఎందుకని పెద్దతరగతివారు అడుగుదురు. ఆకును తిను సూక్ష్మజీవులకు కర్బనము బియ్యమువంటిది, నత్రజని పప్పువంటిది. సుమారు 30 పాళ్లకు 1 పాలు కుదిరినచో అవి చక్కగా వృద్ధిపొందును. ఎండుటాకులో కర్బనమే ఎక్కువ. పచ్చిగడ్డి, పేడ లోటు పూరించును. పచ్చిది మితిమీరినచో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోవుచు ముక్కు పగులగొట్టును. ఆ వాసన వచ్చిన దినమున పిల్లలను పిలిచి, కారణమేమని వారినే అడిగి, వారిచేతనే రెండుతట్టల ఎండుటాకు వేయించుట మంచి పాఠము.

మూడవ నాడో, నాలుగవ నాడో ఒక ఇనుపకడ్డీని గుంట నడుమకు దింపి, కొంతసేపు ఉంచి తీయవలెను. కడ్డీ వెచ్చగా నుండును. పెద్దకుప్పలలో ఈ వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును. ఇంత చిన్నగుంట అంతగా కాగదు గాని, చేతికి తెలియునంత వెచ్చదనము రాగలదు. నిప్పులేని వేడి! ఇదే ఆకును పెరటిలో తగులబెట్టినప్పుడు ఒక్క గడియలో వెలువడిన వేడి, ఇచ్చట నెలల తరబడి మెల్లమెల్లగా వెలువడుచున్నదని చెప్పిన చాలును. తక్కినది కడ్డీయే చెప్పును.

ఒక సంగతి దాపరికము లేకుండ చెప్పవలసియున్నది. ఈ పేడనెత్తువారెవరు? పెంట యను మాట రైతుయింట సంపదపేరు. పెంటదిబ్బను జూచి సేద్యగాని కలిమిని అంచనా వేసిన కాలముండెను. ఉత్తరాంధ్రమున గత్తమందురు. అదే పెంట నేడు తిట్టుమాటయైనది. ఆకు నేలబడి చెత్తయైనట్లే, దానిని ఎత్తు చేతులకును ఊరు ఒక తక్కువపేరు పెట్టినది. బడికి ఆలస్యముగా వచ్చినవానికి శిక్షగా గుంటపని ఒప్పగించినను, ఒక పేటనుండి వచ్చు బిడ్డలనే పేడ తెమ్మనినను, ఊడ్చుట ఆడపిల్లలకు, త్రవ్వుట మగపిల్లలకు అని పంచినను, ఎరువు పండవచ్చును గాని బడి చెడును. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యమున జరిగిన విద్యామహాసభ చేతిపనిని చదువునకు నడిబొడ్డున నిలిపినది. ఆ చేతి పని అందరి చేతిపని కావలెననియే దాని ఆంతర్యము. హాజరుపట్టీలోని వరుసయే గుంటపనికిని వరుస కావలెను. మొట్టమొదటి పేడముద్దను ఎత్తు చేయి ఉపాధ్యాయునిదైనచో, ‘‘మా అమ్మ తిట్టును, మాస్టారండీ!’’ అని వెనుకాడు బిడ్డ కూడ రెండవవాడై వచ్చును. అమ్మ తిట్టుట నిజమే కావచ్చును. ఆమెను ఒకనాడు బడికి పిలిచి గుంట చూపింపవలెను. పెక్కుమంది తల్లులకు ఈ విద్య ఉపాధ్యాయునికంటె బాగుగా తెలిసియుండును.

జాగ్రత్తలు కొన్ని. ఎండుటాకుల పోగులో తేలు, జెర్రి ఉండవచ్చును. పిల్లలు చేయిపెట్టుటకు ముందు పెద్దలు కర్రతో కదల్పవలెను. చెప్పులు లేనిదే గుంటదరికి పోరాదు. మాంసము, చేప, నూనెకూరలు వేసినచో కుక్కలు, ఎలుకలు చేరును. పనియైన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కొబ్బరితోటల సీమలలో మరియొక చూపు అవసరము: కొబ్బరిమొవ్వును తొలుచు కొమ్ముపురుగు ఇట్టి గుంటలలోనే గ్రుడ్లు పెట్టును. తిరుగవేయునప్పుడు తెల్లగా, బొటనవ్రేలంత లావుగా, ముడుచుకొని పడియుండు పిల్లపురుగులను ఏరివేయకున్నచో, బడిగుంట ఊరితోటలకు చేటగును.

గుంట నింపిన దినముననే అయిదు వస్తువులను అందు పాతిపెట్టవలెను. ఒక వేపరెమ్మ, ఒక అరటితొక్క, ఒక పాత నూలుగుడ్డపీలిక, మడిచిన వార్తాపత్రిక ముక్క, ఒక బిస్కత్తుపొట్లపు కాగితము. ఒక్కొక్కదానిని నైలాను దారముతో కట్టి, దారపు కొనలు గుంటబయట మేకులకు ముడివేయవలెను. ఏది మిగులును, ఏది పోవును అని ఇచ్చటను పందెమే. తొందరపాటుగల ఒకడు మూడవనాడే దారము లాగి చూచును. లాగనీయవలెను.

మార్చిలో నింపిన గుంటను సెలవులలోపల రెండుమారులు తిరుగవేయ వీలగును. అటుపిమ్మట నలువది, ఏబది దినములు బడికి తాళము. రోహిణికార్తె ఎండలో నీరు పోయువారు లేక గుంట ఎండి, సూక్ష్మజీవులు పని మానివేయును. ఎరువుగుంటలు ప్రారంభించి విడిచిపెట్టిన బడులలో అధికభాగము ఇచ్చటనే ఓడిపోవుచుండును. జూన్‌లో వచ్చి చూచిన ఆకు ఆకుగానే యుండును, పిల్లలకు ఆ పనిపై నమ్మకము పోవును. దీనికి విరుగుడు బెంగుళూరు పద్ధతిలో కలదు. 1939లో సి. ఎన్. ఆచార్య అను శాస్త్రజ్ఞుడు పట్టణపు చెత్తను ఎరువు చేయుటకు రూపొందించిన విధానమది. పొరలు నింపి, తడిపి, పైన మన్నుతో గట్టిగా కప్పి, మరల తిరుగవేయక, నీరు పోయక నెలల తరబడి విడుతురు. లోని తడి ఆవిరియై పోదు. పని మందముగా సాగును గాని ఆగదు. బడివారు ఈ రెండు పద్ధతులను జతచేసికొనవచ్చును. ఏప్రిలు నెలాఖరువరకు ఇందూరు, పిదప బెంగుళూరు. చివరి పనిదినమున గుంటను పూర్తిగా తడిపి, మన్నును పేడను కలిపిన అడుసుతో జానెడు మందమున మెత్తవలెను. నేల అలుకు చేతుల పని ఇది. మెత్తినదానిపై పిల్లలు తమ అరచేతుల గుర్తులు వేయుదురు. వద్దనుటకు కారణమేమియు లేదు.

జూన్‌లో బడి తెరచినపుడు ఒక చిన్న పొరపాటు జరుగుటకు అవకాశమున్నది. ఒకటవ తరగతిలో గుంట నింపినవారు అప్పటికి రెండవ తరగతికి పోయియుందురు. క్రొత్తగా చేరినవారిచేత గుంట తెరపించినచో పాతవారికి ఆ వేడుక దక్కదు. పూడ్చినవారిచేతనే తెరపింపవలెను. ఎండిన అడుసుపెంకును పగులగొట్టగానే మొదట వచ్చునది వాసన. పేడవాసన కాదు, కుళ్లువాసన కాదు. తొలకరిజల్లు నేలపై బడినపుడు లేచెడి వాసనకు దగ్గరిచుట్టము. ఆ తొలివాన వాసనకు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో పెట్రికోర్ అని పేరుపెట్టిరి. అందలి మట్టివాసనకు ముఖ్యకారణము జియోస్మిన్ అను పదార్థము. మన్నులోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దానిని తయారుచేయును. పండిన ఎరువులోను అవి దండిగా నుండును. పిల్లలకు ఈ పేర్లతో పనిలేదు. పిడికెడు తీసి ముక్కుదగ్గర పెట్టి, ‘‘వాన!’’ అన్నచో చాలును.

అంతయు ఒక్కతీరుగా పండియుండదని ముందే చెప్పియుంచుట మంచిది. అడుగుపొరలు నల్లగా, కాఫీపొడివలె నుండును. పైపొరలలో బాదమాకు ఇంకను గుర్తుపట్టునట్లే యుండును; మార్చిలో దానిపై పందెము కట్టినవారు ఓడిపోయిరి. చింతగింజలు కొన్ని మొలచియుండవచ్చును. జల్లెడ పట్టి, మెత్తనిదానిని వేరుచేసి, ఒకటికి రెండుపాళ్లు మన్ను కలిపి, బీర, కాకర, ఆనప గింజలు పెట్టవచ్చును. జల్లెడలో మిగిలిన మొరటు పదార్థము తరువాతి గుంటకు తోడు అగును, పాలలో వేసిన మజ్జిగచుక్కవలె. ఈ దినములలోనే కుళాయిమూలలో దాగిన వానపాములు ఆవరణమంతట పైకి వచ్చును. మరి రెండు వారములకు, ఆరుద్రకార్తెలో, ఎర్రని మొఖమలుగుడ్డ కప్పుకొన్నట్లు ఆరుద్రపురుగులు తిరుగును. వానిని అరచేత బెట్టుకొని తరగతికి తెచ్చినవారిని కోపపడరాదు.

ఇక దారములు. మేకు దగ్గరినుండి ఒక్కొక్కటే మెల్లగా లాగవలెను. వేపరెమ్మ కట్టినదానికి సన్నని పుల్ల మాత్రము వచ్చును. అరటితొక్క కట్టినదానికి ఏమియు రాదు. ఉత్త ముడి వచ్చును. ఆ ముడిని జూచి కొందరు నవ్వుదురు, కొందరు చుట్టుపక్కల త్రవ్వి తొక్క ఎచ్చటనైన పడిపోయినదేమో యని వెదకుదురు. నూలుగుడ్డ నాలుగు పోగులై వచ్చును. వార్తాపత్రిక ముట్టుకొనగానే పిండియగును. బిస్కత్తుపొట్లము మాత్రము నీటిలో జాడించగనే నిగనిగలాడును. దాని పేరు, దాని వెల, తయారైన తేదీ, అన్నియు చెక్కుచెదరక యుండును. మార్చిలో పాతిపెట్టిననాడు ఆ అక్షరములు చదువరాని బిడ్డ ఇప్పుడు కూడబలుకుకొని, ఒక్కొక్క అక్షరమే, పైకి చదువును.